వానాకాలంలో స్పీకరుకు ఏమవుతుంది?

ముసురు పట్టిన రోజు డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే, వేయించిన అప్పడం సాయంత్రానికల్లా మెత్తబడిపోతుంది కదా! గాలిలోని నీటి ఆవిరిని పీల్చుకుంటుంది మరి. చాలా స్పీకర్లలో ముందుకీ వెనక్కీ కదులుతూ శబ్దం పుట్టించే గరాటు ఆకారపు భాగం కాగితంతో చేసిందే. అదీ అప్పడంలాగే చెమ్మ పీలుస్తుంది. కాస్త బరువెక్కుతుంది, బిగువు తగ్గుతుంది. పాట వినిపించే తీరు కొద్దిగా మారుతుంది.

అసలు బెడద లోహపు భాగాలతోనే. తీగలు కలిసే చోట చెమ్మ చేరితే చిలుము పడుతుంది. కరెంటు సాఫీగా పోదు. గరగర మొదలవుతుంది. విశాఖపట్నం, కాకినాడల్లో సముద్రపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది, అందుకే అక్కడ తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

మరి గాలి బాగా పొడిగా ఉంటే మంచిదేనా? కాదు. చలికాలంలో స్వెటర్ విప్పుతుంటే చిటపటమంటుంది చూశారా? ఆ స్థిర విద్యుత్తు సున్నితమైన చిప్‌లను పాడుచేయగలదు. మన పెదవులు పగలడం సరేసరి!

ఇంట్లో 40 నుంచి 60 శాతం తేమ ఉంటే పరికరాలకూ మనకూ హాయి. 50 శాతం అంటే, ఆ వేడిలో గాలి మోయగలిగిన ఆవిరిలో సగం ఉందన్నమాట. తేమ బాగా పెరిగితే ఒంటి చెమట ఆరదు. ఉక్కపోత అంటే అదే.

స్పీకరును నెమ్మెక్కిన గోడకు ఆనించకండి. ముసురు రోజుల్లో కాసేపు పాటలు పెట్టండి, లోపలి భాగాల వేడికి చెమ్మ కాస్త ఆరుతుంది. అమ్మ అడిగితే ఈ కారణమే చెప్పండి!