‘ఇవీ చదవండి’ అని చెప్పేదెవరు?

ఫోన్‌లో ఏదో వ్యాసం చదువుతాం. అయిపోయాక అడుగున ‘ఇవీ చదవండి’ అంటూ మూడో నాలుగో శీర్షికలు వరసగా నిలబడి ఉంటాయి. మా మనవరాలికి వాటిమీద ఒళ్ళుమంట. మొన్న అది 2020 అక్టోబరు వానల సంగతి చదువుతోంది. పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి మా హైదరాబాద్ పాతబస్తీలో అల్ జుబైల్ కాలనీ, హాఫిజ్‌బాబానగర్ వైపు ఇళ్ళు నీళ్ళపాలయ్యాయి కదా, ఆ సంగతి. చదవడం ముగిసిందో లేదో, కింద బంగారం ధర, ఒక హీరోయిన్ పెళ్ళి, జుట్టు రాలకుండా చిట్కా!

“తాతా, వరద గురించి చదివెటోళ్ళకు బంగారం రేటెందుకు? 1908ల మూసీ పొంగిన ముచ్చట నువ్వు చెప్తివి గద. దానిమీద ఎంతమంది రాయలే? గదెందుకు చూపెట్టదు?”

బిడ్డ అడిగింది న్యాయమే. 1908 సెప్టెంబరు 28న మూసీ ఈ ఊరిని ముంచెత్తింది. పదిహేను వేలమంది దాకా పోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారని ఈనాటికీ ఆ చెట్టును చూపించి చెప్పుకుంటారు. ఇంత నీరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఎగువన ఉన్న వందల చెరువుల్లో రెండు వందలకు పైగా తెగాయని ఆయన లెక్క తీశారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ తర్వాత కట్టినవే. అప్పుడూ చెరువులే తెగాయి, 2020లోనూ చెరువులే తెగాయి. ఇల్లు మునిగినవాడు ఆ పాత సంగతి చదవాలనుకోడా? పాత వ్యాసం ఎక్కడికీ పోలేదు. ఉందని చెప్పే నాథుడే లేడు.

ఈ చెప్పే పని ఒకప్పుడు గ్రంథాలయంవాళ్ళది. ఆ అఫ్జల్‌గంజ్‌లోనే, మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. మా తరంవాళ్ళం ఆసఫియా అనే అంటాం. 1891లో పుట్టి, ఇప్పుడున్న భవనంలోకి 1936లో వచ్చింది. అలాంటిచోట పుస్తకాలు లక్షల్లో ఉంటాయి. చదివేవాడికి ఒక పుస్తకం పేరు తెలిస్తే గొప్ప. అందుకే కార్డుల కేటలాగు నడిచిన రోజుల్లో ఒక పద్ధతి ఉండేది: ఒక విషయం కార్డు తీస్తే ‘ఫలానాది కూడా చూడు’ అని ఇంకో విషయానికి దారి చూపేవాళ్ళు. నదుల దగ్గరికి వెళ్ళినవాణ్ణి వరదల దగ్గరికి, వరదల దగ్గర్నుంచి చెరువుల దగ్గరికి తోసేవాళ్ళన్నమాట. మద్రాసులో లెక్కలు చెప్పే ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా కుదిరి, 1931లో గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు రాశాడు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలనేది అందులో రెండోది. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలనేది మూడోది. నాకు ఆ మూడోదంటే ఇష్టం. పాఠకుడి తరఫున మాట్లాడేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. అటక మీద దుమ్ము పట్టిన పుస్తకం తరఫున వకాల్తా పుచ్చుకున్నవాడు ఈయనే.

ఇప్పుడు ఆ కార్డు రాసే పని మిషన్‌కి అప్పజెప్పారు. మిషన్‌కి మూసీ తెలియదు, వరద తెలియదు, చింతచెట్టు అసలే తెలియదు. దానికి వచ్చిందల్లా లెక్కపెట్టడం. రెండు వ్యాసాల్లో ఏ మాటలు కలిశాయో లెక్కపెడుతుంది. ఎక్కువ కలిస్తే చుట్టాలు, లేకపోతే పరాయివాళ్ళు.

“అయితే ‘ఉంది’, ‘కాని’, ‘అని’ అన్నిట్ల ఉంటయి గద. అన్నీ చుట్టాలే అయితయా?”

అక్కడే ఉంది కిటుకు. మన మీర్ ఆలం మండీలో కిరాణా కొట్టతణ్ణి గమనించు. ఎవరో వచ్చి ఉప్పు కొన్నారు. దాన్నిబట్టి వాళ్ళింట్లో ఏం వండుతున్నారో చెప్పగలడా? ఉప్పు కొననివాడెవడు! ఇంకొకరు వచ్చి షాజీరా, మరాఠీమొగ్గ, రాతిపువ్వు అడిగారు. వెంటనే “బాస్మతి ఎన్ని కిలోలు ఇవ్వమంటారు?” అంటాడు. అందరూ కొనేది ఏమీ చెప్పదు, కొందరే కొనేది గుట్టంతా బయటపెడుతుంది. మాటలూ అంతే.

ఈ ఉపాయాన్ని లెక్కగా మార్చినావిడ కేంబ్రిడ్జిలో పనిచేసిన కారెన్ స్పార్క్ జోన్స్. 1972లో రాసింది. ఒక చిన్న లెక్క చేద్దాం, భయపడకు. మన దగ్గర వెయ్యి వ్యాసాలున్నాయనుకో. ‘హైదరాబాద్’ అన్న మాట ఐదు వందల వ్యాసాల్లో ఉంది. వెయ్యిని ఐదు వందలతో భాగిస్తే రెండు. దానికి సంవర్గమానం, అదే లాగ్ తీస్తే 0.3. ‘అఫ్జల్‌గంజ్’ పది వ్యాసాల్లోనే ఉంది. వెయ్యిని పదితో భాగిస్తే వంద, లాగ్ తీస్తే 2. అంటే అఫ్జల్‌గంజ్ ఒక్కసారి కలిస్తే హైదరాబాద్ ఆరేడుసార్లు కలిసినంత. ఇక ‘అని’ వెయ్యి వ్యాసాల్లోనూ ఉంది. భాగిస్తే ఒకటి. ఒకటికి లాగ్ సున్న. నువ్వడిగిన ఉప్పు లెక్కలోంచి దానంతటదే పోయింది. ఎవరూ కూర్చుని ఏరిపారెయ్యక్కర్లేదు.

ఇంకో చిక్కు ఉంది. ఇరవై పేజీల వ్యాసంలో లోకంలోని మాటలన్నీ ఉంటాయి గనక అది అందరికీ చుట్టమవుతుంది. అమెరికాలో కోర్నెల్ విశ్వవిద్యాలయంలో జెరార్డ్ సాల్టన్ బృందం ఈ పొడుగాటి వ్యాసాల పెత్తనానికి కళ్ళెం వేసింది. ఒక్కో వ్యాసాన్ని ఒక బాణంలా ఊహించుకుని, బాణం పొడవు పట్టించుకోకుండా రెండు బాణాల మధ్య కోణం ఎంతో చూడమన్నారు. రెండూ ఒకేవైపు చూస్తుంటే కోణం చిన్నది, వ్యాసాలు దగ్గరివి. బళ్ళో చదువుకున్న కొసైన్ ఇక్కడ పనికొచ్చింది. ఎప్పటికైనా పనికొస్తుందని నేను చెబితే నువ్వు నవ్వావు కదూ!

ఇదంతా ఇంగ్లీషుకి సాఫీగా సాగుతుంది. మన దగ్గరికొచ్చేసరికి బండి ఆగుతుంది. మూసీ, మూసీలో, మూసీకి, మూసీనుంచి, మూసీపై: మనకు ఇవన్నీ ఒకే నది. మిషన్‌కి ఐదు వేర్వేరు మాటలు. ఒక వ్యాసంలో ‘మూసీకి వరద’ అనీ, ఇంకోదాంట్లో ‘మూసీలో వరద’ అనీ ఉంటే సగం చుట్టరికం అక్కడే తెగిపోయింది. పోనీ, చివర ‘లో’ కనబడితే కోసెయ్యమందామా? అప్పుడు ‘కిలో’లో ‘లో’ కోసేసి ‘కి’ మిగులుస్తుంది. పాత అచ్చుల్లో ‘మూసి నది’ అని హ్రస్వంతో కూడా ఉంటుంది. దాంతో ‘తలుపు మూసి పడుకోవాలి’ అని పోలీసులు చెప్పిన దొంగతనాల వార్త వచ్చి వరద వ్యాసం పక్కన తీరిగ్గా కూర్చుంటుంది. నవ్వుతావేం, నిజంగానే ఇలాంటివి జరుగుతాయి. తెలుగు మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ విరవకూడదో మిషన్‌కి నేర్పడం చిన్న పని కాదు. మన ఊళ్ళోనే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఏళ్ళతరబడి దీనిమీద పనిచేస్తున్నారు. నన్నడిగితే తెలుగులో మంచి ‘ఇవీ చదవండి’ కావాలంటే ముందు ఖర్చుపెట్టాల్సింది ఈ మాట విరిచే పనిమీద. హంగులు తర్వాత చూసుకోవచ్చు.

సరే, విరిచారనే అనుకుందాం. అయినా పని పూర్తికాదు. 2020 వార్తలో ‘చెరువుకు గండి పడింది’ అని ఉంటుంది. 1908 గురించిన పాత వ్యాసంలో ‘కట్ట తెగింది’ అని ఉంటుంది. సంగతి ఒకటే, ఒక్క మాట కలవలేదు! దీనికి మందు ఏమిటంటే, మాటను చూడకుండా దాని సావాసాన్ని చూడటం. ‘గండి’ చుట్టూ ఏ మాటలు తిరుగుతున్నాయి? నీరు, చెరువు, ఊరు, మునిగింది. ‘తెగింది’ చుట్టూ? చాలామటుకు అవే. అయితే ఈ రెండూ దగ్గరివన్నమాట అని లక్షల వాక్యాలు చదివి మిషన్ పోల్చుకుంటుంది. 2013లో గూగుల్‌లో ఉన్న తోమాస్ మికొలోవ్, అతని తోటివాళ్ళు దీన్ని చవగ్గా, వేగంగా చేసే దారి చూపించారు. ఇప్పుడు వచ్చిన పెద్ద పెద్ద భాషా నమూనాలూ సావాసం చూసే నేర్చుకుంటాయి. కాకపోతే వాటికి తిండి కావాలి. ఇంగ్లీషు దొరికినంతగా తెలుగు రాత ఇంటర్నెట్‌లో దొరకదు.

“మరి బంగారం రేటెట్లొచ్చింది తాతా? బంగారంల వరద లేదు, చెరువు లేదు.”

అది వేరే దారిన వచ్చింది. ఇప్పటిదాకా చెప్పింది వ్యాసంలోని మాటలు చూసే పద్ధతి. రెండో పద్ధతిలో మాటలే చూడరు, జనం నడక చూస్తారు. ఇది చదివినవాళ్ళు తర్వాత ఏది చదివారు? ఇది కొన్నవాళ్ళు ఇంకేం కొన్నారు? అమెజాన్‌వాళ్ళు 2003లో తమ పద్ధతి ఇదీ అని వ్యాసం రాసి బయటపెట్టారు కూడా. సామాన్లు అమ్మడానికి దివ్యంగా పనిచేస్తుంది. వార్తల దగ్గరికొస్తే, పొద్దున్నే ఊరంతా చూసేది బంగారం ధర. వరద వార్త చదివినవాడూ చూస్తాడు, క్రికెట్ చదివినవాడూ చూస్తాడు. దాంతో ‘వరద చదివినవాళ్ళు బంగారమూ చదివారు’ అని మిషన్ తీర్మానించేస్తుంది. ఉప్పును పక్కనపెట్టే లెక్క ఇక్కడ కూడా వేసుకోవాలి. వేసుకోకపోతే ఇదిగో, ఇలా అవుతుంది.

పాత వ్యాసానికి ఈ రెండో పద్ధతి శత్రువని నా అభిప్రాయం. ఎవరూ చదవలేదు గనక చూపించరు. చూపించరు గనక ఎవరూ చదవరు. కొత్తది పదిమంది చదివారని వందమందికి చూపిస్తారు, వందమంది చదివారని వెయ్యిమందికి. ఉన్నవాడికే ఇంకా పెట్టే వ్యవహారం ఇది. నడక చూడొద్దని అనను, దానివల్ల మాటల్లో దొరకని చుట్టరికాలు కొన్ని దొరుకుతాయి. కాని పదేళ్ళనాటి వ్యాసానికి అడుగుజాడలెక్కడివి? దానికి ఉన్న ఆస్తి దాని మాటలే. అందుకే పాతవాటిని వెలికితీయాలనుకునేవాళ్ళు మాటల లెక్కకే పెద్దపీట వెయ్యాలి. జనం నడకను పక్కన తోడుగా ఉంచుకుంటే చాలు.

ఇంకో సంగతి. నాలుగు జాగాలుంటే నాలుగింట్లోనూ గుర్రం చెరువు తెగిన వార్తే పెడితే ఎవరికి లాభం? దగ్గరితనం చూస్తూనే, ముందు పెట్టినదానికి మరీ నకలు కాకుండా చూడమని 1998లో జైమీ కార్బొనెల్, జేడ్ గోల్డ్‌స్టీన్ ఒక లెక్క చెప్పారు. మొదట అన్నిటికన్నా దగ్గరిది పెట్టు. రెండోది పెట్టేటప్పుడు అసలు వ్యాసానికి దగ్గరగా, మొదటిదానికి కొంచెం ఎడంగా ఉన్నదాన్ని వెతుకు. ఆ లెక్కన ఒకటి 2020 వార్త, ఒకటి 1908 వరద, ఒకటి ఉస్మాన్‌సాగర్ కట్టిన కథ వస్తాయి. చదివేవాడు ఒక్కసారిగా వందేళ్ళు వెనక్కి వెళ్ళొస్తాడు.

పాతది చూపించేటప్పుడు మాత్రం పక్కనే సంవత్సరం పెద్ద అక్షరాలతో వెయ్యాలి. ప్రతి వానాకాలం ఎవరో పాత వరద వీడియో వాట్సాప్‌లో తిప్పుతారు, ఇంటిల్లిపాదీ పరేషాన్ అవుతుంది. ‘ఎప్పటిది’ అన్న ఒక్క ముక్క లేకపోతే మంచి వ్యాసమైనా పుకారుగా మారుతుంది.

“మరి మస్తు పాత పేపర్లుంటయి గద, అవి?”

బిడ్డ అసలు మెలిక దగ్గరికే వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో ఇదే ఊళ్ళో పెట్టిన గోలకొండ పత్రిక ఉంది. దాని పాత సంచికలు ప్రెస్ అకాడమీవాళ్ళ పుణ్యమా అని స్కాన్ అయి ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. మనం తెరిస్తే చదువుకోవచ్చు. మిషన్‌కి మాత్రం అవి వట్టి బొమ్మలు, ఒక్క అక్షరం కూడా లేనట్టే. బొమ్మలోంచి అక్షరాలు ఏరే సాఫ్ట్‌వేర్లున్నాయి. కాని మన గుణింతాలు, కింద వేలాడే వత్తులు, సీసపు అచ్చులో చెదిరిన సిరా, వెనక పేజీ నుంచి తొంగిచూసే నీడలు అన్నీ కలిసి వాటిని తికమకపెడతాయి. ‘చెరువు’లో కొమ్ము ఒకటి ఎగిరిపోతే అది ‘చెరవు’, లెక్కకి అందని కొత్త మాట.

అంతా ఏరేదాకా ఆగక్కర్లేదు. ఒక్కో పేజీకి నాలుగైదు మాటలు మనిషి కొట్టి పెట్టినా చాలు: ఊరు, నది, ఏడాది, దేని గురించి. ఆసఫియాలాంటిచోట కార్డుమీద చేతితో రాసిన పనే ఇది. మా మనవరాలు ఈ సెలవుల్లో తనకు దొరికిన పాత సంచికలకు అలా మాటలు కట్టే పని మొదలుపెట్టింది. మొదటి పేజీకే పేచీ వచ్చింది. ‘వరద’ అని రాయాలా, ‘మూసీ’ అని రాయాలా అంటుంది. రెండూ రాయమన్నాను, ‘చెరువు’ కూడా.