మలీద ముద్దంత ప్రేమకథ

ఉప్పుగూడ స్టేషన్‌ల లింగంపల్లి దిక్కు పోయే ఎంఎంటీఎస్ కోసం నిలబడి ఉన్న. పక్కింటి పోరడు ఫోన్ నా ముంగట పెట్టిండు. ‘‘అన్నా, గిది సదువు. ఐదు నిమిషాలే’’ అన్నడు. సదివిన. కేకులు చేసే పిలగాడు ఒకడు. రోజూ అదే దుకాణానికి వచ్చి ఒక్కటే కేకు కొనుక్కపోయే పిలగాడు ఇంకొకడు. ఇద్దరు మొగపిలగాండ్లే. ఒకరోజు కేకు డబ్బల చిన్న చీటి ఉంటది. గంతే, కథ ఒడిసింది. ఎవ్వలు సావలే, ఎవ్వలు ఎవ్వలిని కొట్టలే. ‘‘గిసొంటిది మన భాషల ఎందుకు లేదే అన్నా?’’ అని అడిగిండు. జవాబు చెప్పేలోపు బండి వచ్చింది. ఊర్లల్ల ఫోన్ల మీద ఇసొంటియి సదువుకుంట, ఎవరన్న దగ్గరికొస్తే టక్కున తెర మార్చే పిలగాండ్లు మస్తుమంది ఉంటరు. గీ రాత వాళ్లకు గూడ.

ముందుగాల ఈ కథలేందో చెప్పుకుందాం. రెండు మొగ మనసులు, నడుమ ఒక మిఠాయి. నిడివి వెయ్యి, రెండువేల మాటలు మించదు. దుకాణమో, వంటిల్లో ఉంటది. ఆఖరుకు మంచే జరుగుతది. ఇంగ్లిష్‌ల సదివేటోళ్లు ఇసొంటి మెత్తటి కథను ‘ఫ్లఫ్’ అంటరు. మనం పీచుమిఠాయి అనుకుంటే సరిపాయె. మిఠాయి దుకాణం, మొగోళ్ల మనసులు కలిసిన కథల్ల బాగా పేరొచ్చింది జపాన్ బొమ్మల కథ ‘ఆంటీక్ బేకరీ’. ఫుమి యోషినాగా అనే ఆమె రాసి గీసింది. నలుగురు మొగోళ్లు నడిపే కేకుల దుకాణం అది. కేకులు చేసే ఉస్తాదు మొగోళ్లను ప్రేమించేటోడు. బాక్సింగ్ ఇడిసిపెట్టినోడు ఆయన దగ్గర పని నేర్సుకుంటడు. 2008ల కొరియావోళ్లు దాన్ని సినిమా తీసిండ్రు. అది పొట్టి కథ కాదు, అన్నీ తీపి ముచ్చట్లే గూడ కావు. గని దుకాణం గల్లా ఎనుక నిలబడ్డోని మనసును చూపెట్టుడు ఎట్లనో దాంట్ల బాగా కనపడ్తది.

మరి మిఠాయే ఎందుకు? పప్పో, పచ్చిపులుసో ఎందుకు కాదు?

ఒక మొగోడు ఇంకో మొగోనికి గులాబీ పువ్వు ఇస్తే నలుగురు నవ్వుతరు. మిఠాయి ఇస్తే ఎవ్వలు ఏమనరు. మా పాతబస్తీల రంజాన్ పండుగ నాడు దోస్తు ఇంటికి పోతే షీర్ ఖుర్మా గిన్నె చేతుల పెడ్తరు. దసరాకు జమ్మి ఆకు చేతుల పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటరు. సద్దుల బతుకమ్మకు రొట్టె, బెల్లం కలిపి పిసికిన మలీద పంచుతరు. పీర్ల పండుగకూ అదే మలీద. నోట్లె మిఠాయి పెట్టుడు, గుండెలకు అత్తుకునుడు మన దగ్గర దోస్తానాల భాగమే. ప్రేమ దాని కిందనే ఒదిగి ఉండొచ్చు. అందరి ముంగట జరుగుతది, తెల్వాల్సినోనికే తెలుస్తది. బయటికి చెప్పలేని మనసు రోజూ బతికేది గట్లనే గదా. అందుకే మిఠాయి కథలకు వట్టి అలంకారం కాదు. అది ఆసరా.

ఇంకోటి గూడ ఉంది. మిఠాయికి టైం పడ్తది. ఖుర్బానీ కా మీఠా చూడుండ్రి. ఎండు ఖుర్బానీ పండ్లను రాత్రే నానబెట్టాలె. తెల్లారి గింజ తీసి, చక్కెర ఏసి, సన్న మంట మీద ఉడకబెట్టాలె. తీసిన గింజను పారేయరు. పగలగొడ్తే లోపల బాదం లెక్క పలుకు ఉంటది, దాన్ని పైన చల్లుతరు. రాత్రంతా ఎదురుచూసుడు, గట్టి గింజల దాగిన పలుకు. కథ రాసేటోడు ఇగ ఉపమానం ఎతుక్కునే పని లేదు. చేసినంక ఇంకొకనికి రుచి చూపెట్టాలె, ‘‘ఎట్లుంది?’’ అని అడగాలె. ఆ మాటల రెండు ప్రశ్నలుంటయి.

మిఠాయి పేరు ఎప్పుడూ ఇంత చల్లగ లేదు. వందేండ్ల కిందట, 1924ల, కలకత్తా నుంచి వచ్చే ‘మత్వాలా’ అనే హిందీ వారపత్రికల పాండేయ బేచన్ శర్మ ‘ఉగ్ర’ ఒక కథ రాసిండు. పేరు ‘చాక్లెట్’. పెద్ద మొగోళ్లు ఎంటపడే అందమైన పిలగాండ్లను అప్పట్ల ఆ పేరుతోని పిలిచేటోళ్లు. 1927ల ఆ కథలు పుస్తకమై వచ్చినయి. ఈ అలవాటు చెడ్డదని చెప్పనీకే రాసిన అన్నడు ఉగ్ర. అయినా పండితులు అగ్గి మీద గుగ్గిలమైండ్రు. బనారసీదాస్ చతుర్వేది దానికి ‘ఘాస్‌లేటీ సాహిత్యం’ అని పేరు పెట్టిండు, అంటే గాసునూనె సాహిత్యం. గాంధీ గూడ పుస్తకం సదివి, అశ్లీలం కనపడలేదని చతుర్వేదికి ఉత్తరం రాసిండు. ఆ ఉత్తరం చానా ఏండ్లదాక బయటికి రాలే. నాకైతే ఇద్దరి మీదా కోపమే. తిట్టినోళ్లు అసలు ఆ మాటే వద్దన్నరు. రాసినాయన మిఠాయి పేరును నింద చేసి పెట్టిండు. అయినా అడ్డమైన దారిల అయినా ఆ ముచ్చట అచ్చు అక్షరాలకెక్కింది ఆయనతోనే.

మన సినిమాలల్ల ‘తేడా’ అని నవ్వులాట పట్టిస్తరు సూడుండ్రి, అది గూడ ఆ నిందకు చుట్టమే. పోరడు ఆ కేకు కథను అంత పానం లెక్క ఎందుకు దాసుకున్నడో అప్పుడు సమజైతది. వాని ఈడోళ్ల గురించి పేపర్ల వచ్చేది ఉరేసుకున్నరనో, ఇంట్ల కొట్టిండ్రనో. తెర మీద వచ్చేది ఎకసెక్కం. ఐదు నిమిషాలు ఎవ్వలు ఏడిపియ్యకుండ ఇద్దరు కూసోని కేకు తినుడు వానికి కొత్త వార్త.

భయపడేటోళ్లకు ఒక ముచ్చట. 1860ల తెల్లదొరలు రాసిన శిక్షాస్మృతిల 377 సెక్షన్ ఉండె. 2009ల ఢిల్లీ హైకోర్టు అది చెల్లదన్నది. 2013ల సుప్రీంకోర్టు మళ్ల నిలబెట్టింది. 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు, ఈడొచ్చిన ఇద్దరు ఇష్టపడి కలిసుంటే నేరం కాదని తేల్చిచెప్పింది. లగ్గం ముచ్చట ఏరే. 2021ల హైదరాబాద్ శివార్ల దండలు మార్చుకున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ కోర్టుకెక్కిండ్రు. 2023 అక్టోబర్ 17న వచ్చిన తీర్పు ఆ లగ్గానికి చట్టం ముద్ర ఇయ్యలే. రిజిస్టర్ల దస్తఖత్ కాకున్నా కథల తీపి తినిపించుకుంటే మాత్రం ఎవ్వలు ఆపరు.

రాసినోళ్లు మన చుట్టుపక్కలనే ఉన్నరు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల ఇంగ్లిష్ చెప్పిన హోషంగ్ మర్చంట్ 1999ల ‘యారానా’ అని దేశంల ఇసొంటి రాతలను ఒక్క దగ్గర కూర్చిండు. కన్నడంల వసుధేంద్ర 2013ల ‘మోహనస్వామి’ కథలు తెచ్చిండు, తన మనసు గూడ దాంతోనే బయటపెట్టిండు. అవి తియ్యటియి కావు. సదివితే గొంతుల ముద్ద దిగది.

అట్లని తీపి కథలన్నీ మంచియే అనను. సగం కథలల్ల దుకాణం కిరాయి ముచ్చటుండదు, కులముండదు, ‘‘సంబంధం చూసిన’’ అనే అమ్మ ఉండదు. మాకరాన్లు, కప్‌కేకులు మనోళ్లు ఎంతమంది తిన్నరు? ఉప్పుగూడల లగ్గం వంట దగ్గర నిలబడుండ్రి. డబుల్ కా మీఠాకు ఒకడు రొట్టె ముక్కలు కోస్తడు, ఒకడు నెయ్యిల ఏంచుతడు. ఎర్రగ ఏగిన అంచు ముక్క ఒకటి పక్కకు తీసిపెడ్తడు. ఎవ్వలికోసమో వానికి తెలుసు. చెమట, పొగ, వంటమాస్టర్ తిట్లు, రాత్రి రెండింటికి వచ్చే కూలి పైసలు, అన్నీ ఉంటయి. తీపి అప్పుడే నాలుకకు ఆనుతది. ఒక్కటే జాగ్రత్త: మీ ఊరోని అసలు పేరు, ఇంటి గుర్తు కథల పెట్టకుండ్రి. వాడు చెప్పుకోనిది మీరు చెప్పొద్దు.

మొన్న అదే స్టేషన్‌ల పోరడు మళ్ల కలిసిండు. రాస్తున్నడట. కేకు తీసేసి మలీద పెట్టిండట, దుకాణం పోయి చెరువు కట్ట వచ్చిందట. సద్దుల నాడు, బతుకమ్మలు నీళ్లల్ల వదిలినంక, ఒకడు ఇంకొకని చేతుల ముద్ద పెడ్తడు. ‘‘ఎనుక వాళ్లమ్మ నిలబడి ఉంది అన్నా. చూసిందని రాయాల్నా, చూడలేదని రాయాల్నా?’’ అన్నడు.