రాయలసీమ కారాగారాలు

రాయలసీమ కారాగారాలు ఆంధ్ర ప్రదేశ్ కారాగార శాఖ పరిధిలోనివి. వీటిలో ప్రధానమైనది కడప కేంద్ర కారాగారం. కర్నూలు జిల్లా కారాగారం నగరానికి సమీపాన పంచలింగాల వద్ద ఉన్నది. ఆదోని, ప్రొద్దుటూరు వంటి పట్టణాలలో సబ్ జైళ్ళు, కడపలో మహిళల ప్రత్యేక కారాగారం, అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో ఆరుబయలు కారాగారం ఉన్నాయి. రాజ్యాంగం ప్రకారం కారాగారాలు రాష్ట్ర జాబితాలోని అంశం. కనుక వీటి వ్యయభారం ప్రధానంగా రాష్ట్ర బడ్జెట్టుదే.

కిక్కిరిసిపోవడానికి కారణాలు

వసతిగృహం నిండితే కొత్తవారిని చేర్చుకొనడం ఆపవచ్చు. కారాగార సూపరింటెండెంటుకు ఆ వెసులుబాటు లేదు. న్యాయస్థానం వారంటుతో వచ్చిన ప్రతివారినీ చేర్చుకొనవలసిందే. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని కారాగారాల సామర్థ్యం 4,36,266 కాగా, ఖైదీలు 5,73,220 మంది. వీరిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. వీరిని మినహాయిస్తే కారాగారాలలో దాదాపు మూడింట రెండు వంతుల చోటు ఖాళీగా ఉండేది!

రాయలసీమలో ఈ సమస్యకు స్థానిక కారణాలు తోడైనాయి. ప్రత్యర్థి ముఠాలకు చెందిన ఫ్యాక్షన్ నిందితులను ఒకే బ్యారక్‌లో ఉంచరాదు. అందువలన కాగితంపై కనిపించే ఖాళీ అంతా వాడుకొనదగినది కాదు. 2008 నవంబరులో అనంతపురం కారాగారంలో ఒక ఖైదీ తోటి ఖైదీ చేతిలో హతుడైనాడు.

శేషాచలం అడవులలో ఎర్రచందనం నరికిన కేసులలో పట్టుబడినవారిలో తమిళనాడు కొండప్రాంతాల కూలీలు అనేకులు. బెయిలు మంజూరైనా స్థానిక జామీను చూపలేక వీరు లోపలనే ఉండిపోయే అవకాశం ఎక్కువ. స్థానిక జామీను కోసం పట్టుబట్టడం తగదని సుప్రీం కోర్టు మోతీరాం కేసులో 1978లోనే స్పష్టం చేసింది. అదే మాట 2023 జనవరి 31న మరల చెప్పవలసి వచ్చింది.

వ్యయం

జీతాలు, భోజనం తగ్గించుటకు వీలులేని పద్దులు. కనుక నిధులు చాలనపుడు కోత మరమ్మతులపైన, ఖాళీ పోస్టుల భర్తీపైన పడుతుంది. ఖైదీలను వాయిదాలకు తీసుకొనిపోవుటకు వాహనాలు, ఎస్కార్టు పోలీసులు కావలెను. ఈ భారం తగ్గించుటకు ఆంధ్ర ప్రదేశ్ 2001లో నేర విచారణ స్మృతిని సవరించి, రిమాండు పొడిగింపుకై వీడియో ద్వారా హాజరుపరచుటకు వీలు కల్పించింది. కేంద్ర చట్టంలో ఇట్టి మార్పు తరువాత వచ్చింది. ఖైదీలు పనిచేసే పెట్రోలు బంకుల వలన శాఖకు కొంత ఆదాయం లభిస్తున్నది.

1965లో ఏర్పడిన రెడ్డిపల్లి ఆరుబయలు కారాగారం వెయ్యి ఎకరాలకు పైబడిన వ్యవసాయ క్షేత్రం. ఎత్తైన గోడలు, పెద్ద కాపలా అక్కరలేదు. ఖర్చు తక్కువ, ఖైదీకి గౌరవమూ ఎక్కువ. అయితే సత్ప్రవర్తన గల శిక్షాఖైదీలకే ఇందులో ప్రవేశం. కిక్కిరిసినవారిలో అధికులైన విచారణ ఖైదీలకు దీనివలన ప్రయోజనం లేదు.

విడుదలకు మార్గం

గరిష్ఠ శిక్షలో సగకాలం గడిపిన విచారణ ఖైదీని విడుదల చేయుటకు 2005 సవరణ ద్వారా 436-ఎ సెక్షను ఏర్పడింది. 2024 జూలై 1 నుండి దీని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 479వ సెక్షను అమలులోనికి వచ్చింది. గతంలో ఏ నేరంలోనూ శిక్షపడని తొలిసారి నిందితులకు మూడవవంతు కాలం చాలును. ఆ గడువు పూర్తికాగానే న్యాయస్థానానికి దరఖాస్తు చేయవలసిన బాధ్యతను చట్టం సూపరింటెండెంటుపైననే ఉంచింది. ఖైదీల సంఖ్య తగ్గించుటలో ఆయన చేతికి వచ్చిన ముఖ్య సాధనం ఇదే. ఇందుకు ప్రతి ఖైదీ రిమాండు తేదీ, సెక్షన్లు తెలిపే రిజిస్టరు సక్రమంగా ఉండవలెను. మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్షకు వీలున్న నేరాలకు ఈ సెక్షను వర్తించదు. కనుక ఫ్యాక్షన్ హత్యల నిందితులు దీని పరిధిలోనికి రారు. ఒకటికి మించి కేసులు విచారణలో ఉన్నవారికి కూడా ఈ అవకాశం లేదు. అందువలన ఒకే కూలీపై అనేక ఎర్రచందనం కేసులు నమోదైనచో అతడు ఈ మార్గంలో విడుదల కాజాలడు.