చెయ్యి అడ్డం పెట్టే ముందు

విజయదశమి వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. ఆ పండుగ దగ్గరపడేకొద్దీ పేటల్లో కర్రసాము జోరందుకుంటుంది. మా ఆస్పత్రికి ముంజెయ్యి పట్టుకుని వచ్చే కుర్రాళ్ళూ ఎక్కువవుతారు. "కర్ర నెత్తిమీదికొచ్చీసింది డాట్రుబాబూ, సెయ్యడ్డం ఎట్టీసినాను" అంటారు.

మోచేతి నుంచి మణికట్టు దాకా చిటికెనవేలి వైపు తడిమి చూడండి. చర్మం కిందే గట్టిగా తగులుతుందే, అది అల్నా ఎముక. దానిమీద కండ ఆచ్ఛాదన లేదు. తలను కాపాడబోయి చెయ్యెత్తితే దెబ్బ సరిగ్గా అక్కడే పడుతుంది. ఇలా విరిగితే వైద్యగ్రంథాలలో 'నైట్‌స్టిక్ ఫ్రాక్చర్' అంటారు. నైట్‌స్టిక్ అంటే పోలీసు లాఠీ.

"కుంగ్‌ఫూలో చేత్తోనే ఆపుతారు కదా?" అని మీ అబ్బాయి అడగవచ్చు. హాంకాంగ్‌లో ఇప్ మాన్ దగ్గర బ్రూస్‌లీ నేర్చిన వింగ్ చున్ పద్ధతిలో దెబ్బను ఎదురొడ్డి ఆపరు. వచ్చే పిడికిలిని ఒక చేత్తో పక్కకు తోసి, అదే క్షణంలో రెండో చేత్తో కొడతారు. అదీ పిడికిలి విషయం సుమా! కర్ర వస్తుంటే ముందు కదలవలసింది కాలు.

ఎముక విరిగిందని అనుమానం వస్తే తోమించకండి. ఉంగరాలు, దారాలు తీసేసి, ఈ వారపత్రికనే ముంజేతి చుట్టూ మడిచి వదులుగా కట్టి, తువ్వాలుతో మెడకు వేలాడదీసి తీసుకురండి. ఎక్స్‌రేలో మోచెయ్యీ, మణికట్టూ రెండూ పడాలి. అల్నా విరిగినప్పుడు మోచేతి దగ్గర రెండో ఎముక తప్పుకోవచ్చు.

వెదురుబద్దలతో బిగించిన కట్టుతో, మూడోరోజు వేళ్ళు నల్లబడి వచ్చిన ఒక పిల్లవాణ్ణి నేను మరచిపోలేను. చెయ్యి దక్కింది, పట్టు దక్కలేదు. కట్టు వేశాక నొప్పి పెరుగుతున్నా, వేళ్ళు చాపితే ప్రాణం పోయినట్లున్నా, తిమ్మిరెక్కినా వెంటనే కట్టు వదులు చేసి పరుగున రండి. రక్తం ఆడని కండరం ఆరేడు గంటల్లోనే చచ్చిపోతుంది.

ఇక కొట్టినవాడి సంగతి. మెటిక మీద చిన్న గాయంతో వచ్చి "తలుపు తగిలింది" అంటాడు. అది ఎదుటివాడి పన్ను గీరిన గాయమైతే చీము కీలులోకి దిగుతుంది. తిట్టకుండా నిజం చెప్పించి, ఆరోజే ఆస్పత్రికి పంపండి.

కర్రసాము మాన్పించమని నేననను. కోడి రామమూర్తి వ్యాయామశాల నడిపిన ఊరిది! కాని పిండికట్టు విప్పిన సాయంత్రమే కర్ర పట్టే ఘనులున్నారు. మళ్ళీ ఎక్స్‌రే తీయించి, అతికిందని డాక్టరు చెప్పేదాకా ఆ కర్ర అటక మీద ఉండనివ్వండి.