పాట వెల

పాట కట్టినవానికి ప్రతిఫలము దక్కవలెననుటలో వివాదము లేదు. దానిని రాబట్టు విధమే చిక్కు. అమెరికాలో ఒక స్త్రీ 24 పాటలను అనుమతి లేక అంతర్జాలమున ఇతరులతో పంచుకొనెనని 2009లో జ్యూరీ 19,20,000 డాలర్ల పరిహారము విధించెను. అనగా పాటకు 80,000 డాలర్లు! ఆ దేశమున 2003 నుండియే అంతర్జాలమున పాట 99 సెంట్లకు దొరకుచుండెను. 2012లో పై న్యాయస్థానము ఆ మొత్తమును 2,22,000గా స్థిరపరచెను. సామాన్యురాలికి అదియు మోయరాని బరువే.

టేపురికార్డరులు వచ్చిన కాలమున పశ్చిమ జర్మనీకి ఇంచుమించు ఇట్టి చిక్కే ఎదురయ్యెను. ఇంటిలో పాటను నకలు చేసికొనుటకైనను కృతికర్త అనుమతి వలయునని 1955లో అచటి అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. కాని ఎవరింట ఏ పాట నకలగుచున్నదో తెలియుటెట్లు? యంత్రము కొనువారు గుర్తింపు పత్రమును చూపవలెనని కృతికర్తల సంఘము కోరెను. అది గృహజీవనమున జొరబడుటయే యని 1964లో ఆ న్యాయస్థానమే త్రోసిపుచ్చెను.

1965 నాటి చట్టము వేరు త్రోవ త్రొక్కెను. సొంతమునకు నకలు చేసికొనుటను అనుమతించి, యంత్రములను తయారుచేయువారు రుసుము చెల్లించునట్లు ఏర్పరచెను. ఆ ధనము కృతికర్తలకు చేరుచుండెను. ఒక్క పాటయు నకలు చేయనివాడు సైతము యంత్రము వెలలో ఆ రుసుమును మోయవలసివచ్చుట లోపమే. ఐనను అది స్వల్పము. 1985లో ఖాళీ టేపులకును దానిని విస్తరించిరి.