ధరణికోట పెంకులు

పూర్వుల చరిత్రము శాసనములందును శిల్పములందును మాత్రమే కలదని పలువురు తలంతురు. ఉద్యోగవిరమణమైన పిమ్మట బైసికిలుపై పల్లెలు తిరుగుచు మేము నేర్చినది వేఱు: పగిలిన కుండపెంకును చరిత్రము చెప్పఁగలదు. మోటారులో పోవువానికది కనఁబడదు. బైసికిలుపై పోవువానికి చేనిగట్టును, త్రవ్విన గుంటయు కన్నుల యెదుటనే యుండును; దిగి చూచుటకు నిమిషమైనను పట్టదు.

గుంటూరునకు సుమారు 20 మైళ్లలో, కృష్ణ యొడ్డున అమరావతియు, దాని చెంతనే ధరణికోటయు నున్నవి. శాతవాహనుల నాటి ధాన్యకటకమిదియే. 1797లో మెకంజీ దొర వచ్చి చూచినది మొదలు లోకము స్తూపశిల్పములనే కొనియాడినది. పెంకుల వంక చూచినవారు చాలకాలము లేరు. 1962 మొదలు పురాతత్త్వశాఖవారు ధరణికోటను త్రవ్వఁగా నావలు వచ్చు కాలువయు, రేవుకట్టయు, పలువిధములైన పెంకులును బయల్పడెను.

అందు మాకు మిక్కిలి ప్రియమైనది లోపలను అంచునను నలుపుగను, వెలుపల ఎఱుపుగను ఉండు పాత్ర. ఇది రంగు పూసినది కాదు. మట్టిలో ఇనుము కలదు. ఆవములో గాలి బాగుగఁ దగిలిన చోట ఆ యినుము ఎఱ్ఱబాఱును. గాలి యాడని చోట మసి పట్టి నల్లబడును. కుండను బోర్లించి కాల్చినచో లోపలికిని అంచునకును గాలి చేరదు. కావున ఒక్క కాల్పుననే రెండు వన్నెలు! రెండు మాఱులు కాల్చిరనువారును గలరు గాని, మొదటి మాటయే మాకు సరియని తోఁచును.

మఱియొకటి పలుచని బూడిదవన్నె పళ్లెరము. దాని యడుగున లోపలివైపు చిన్నచిన్న గాట్లు వలయములుగ దీర్చియుండును. 1945లో పుదుచ్చేరి కడనున్న అరికమేడును త్రవ్విన వీలరు దొర నాటికి ఇది పరదేశపు సరకని తలఁపు. పిదప మట్టిని పరీక్షింపఁగా మనదేశపుదే యని తేలినది. గంగ దిగువ మైదానమున చేసిరని పలువురి మతము. శాలిహుండమునను, సింహళములోని అనురాధపురమునను, బలిద్వీపమునను గూడ నిట్టివి దొరకినవి. ఓడలెంతదూరము పోయెనో యీ ముక్కలే సాక్షి.

బాలురు కొందఱు పెంకులను జేబులో వేసికొని పోదురు. తావు తప్పిన పెంకు వట్టి మంటిముక్క. ఏ పొరలో, దేని ప్రక్కన నున్నదో తెలిసిననే దాని కాలము తెలియును. రక్షితస్థలములందు త్రవ్వుట 1958 నాటి చట్టముచే నిషిద్ధము. ఊరిబయటి పాటిదిబ్బలకు మాత్రము పలుచోట్ల దిక్కులేదు. పాటిమన్ను చేలకు మంచి యెరువని రైతులు తోలుకొందురు, వారిని తప్పుపట్టలేము. నిరుడు మేము చూచిన దిబ్బ యొకటి యీ యేఁడు సగమైనది.

అందుచే మేము పెంకును కదలింపక, బొమ్మ గీసి, ఊరిపేరు, చేని గుఱుతు, తేది వ్రాసికొందుము. రెండు పుస్తకములు నిండినవి. చూడఁగోరు విద్యార్థులు మా యింటికి రావచ్చును.