చవక వుడ్ టర్నింగ్ ఉలులు: కొనొచ్చా? వద్దా?

ఫోన్ల గురించి రాసే చోట ఉలి గోలేంటి అనుకుంటున్నారా ఫ్రెండ్స్? ఈ మధ్య నేనొక మినీ లేత్ మిషన్ కొన్నాను. పెన్నులు, ఫోన్ స్టాండ్లు సొంతంగా చేసుకుందామని. మిషన్‌కే బడ్జెట్ అయిపోయింది, దాంతో ఉలుల దగ్గర కక్కుర్తి పడ్డాను. ఆన్‌లైన్‌లో 8 ఉలుల సెట్ రూ.1,800కే కనిపించగానే ఆర్డర్ పెట్టేశాను. అందులో పనికొచ్చినవి ఏవి, రానివి ఏవి అన్నదే ఈ ఆర్టికల్.

వుడ్ టర్నింగ్ అంటే?

ఏటికొప్పాక లక్క బొమ్మలు చూసే ఉంటారు. మామూలు వడ్రంగంలో కర్ర కదలదు, ఉలి కదులుతుంది. ఇక్కడ తిరిగేది కర్ర. ఉలిని మనం రెస్ట్ మీద ఆనించి పట్టుకోవాలి. ఏటికొప్పాక వాళ్లు వాడేది మెత్తటి అంకుడు కర్ర. గట్టి కర్ర అయితే రాపిడి ఎక్కువ, వేడి ఎక్కువ. చవక ఉలి అసలు రంగు అక్కడే బయటపడుతుంది.

స్టీలే ప్రాసెసర్

ఈ ఉలులు ముఖ్యంగా రెండు రకాల స్టీల్‌తో వస్తాయి. ఒకటి కార్బన్ స్టీల్, రెండోది హెచ్‌ఎస్‌ఎస్, అంటే హై స్పీడ్ స్టీల్. కార్బన్ స్టీల్‌కి పదును చాలా బాగా వస్తుంది, కానీ వేడికి ఆగదు. గ్రైండర్ మీద అంచు నీలం రంగుకి తిరిగిందంటే సుమారు 300 డిగ్రీలు దాటినట్టే, అక్కడ గట్టిదనం పోయినట్టే. హెచ్‌ఎస్‌ఎస్‌లో టంగ్‌స్టన్, మాలిబ్డినం లాంటివి కలుస్తాయి కాబట్టి దాదాపు 600 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పదును కూడా ఎక్కువసేపు నిలుస్తుంది.

నా సెట్ మీద హెచ్‌ఎస్‌ఎస్ అనే రాసి ఉంది. డౌట్ వచ్చి గ్రైండర్‌కి ఆనించాను. కాకరపువ్వొత్తిలా తెల్లగా చిట్లుతూ నిప్పురవ్వలు! అది కార్బన్ స్టీల్ లక్షణం. హెచ్‌ఎస్‌ఎస్ అయితే రవ్వలు తక్కువగా, మందమైన ఎరుపు నారింజ రంగులో వస్తాయి, అంతగా చిట్లవు. మీరు కూడా ఈ టెస్ట్ చేసుకోవచ్చు. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

నాకు తగిలిన దెబ్బ

రెండో వారం చిన్న గిన్నె చేద్దామని సెట్‌లోని రఫింగ్ గౌజ్ పెట్టాను. ఒక్కసారిగా కర్రలో ఇరుక్కుంది. పిడిలోకి దూరే సన్నటి తోక వంగిపోయింది, ఉలి చేతిలోంచి ఎగిరి ఫేస్ షీల్డ్‌కి తగిలింది. షీల్డ్ లేకపోతే ఈ రివ్యూ రాసే స్థితిలో ఉండేవాణ్ని కాదు. తప్పు పూర్తిగా ఉలిది కూడా కాదు. రఫింగ్ గౌజ్ ఉన్నది పొడవాటి కర్రని గుండ్రంగా చేయడానికి. గిన్నెకి వాడకూడదు, ఎంత ఖరీదైనదైనా సరే. గిన్నెలో కర్ర నార అడ్డంగా ఉంటుంది, అందుకే ప్రతి చుట్టులోనూ ఉలికి దెబ్బ తగులుతుంది. దానికి బౌల్ గౌజ్ వేరే ఉంది. అది మందమైన గుండ్రటి కడ్డీతో చేస్తారు, సన్నటి తోక ఉండదు.

మరి కొనొచ్చా?

పెన్నులు, బొంగరాలు లాంటి చిన్న పనులకీ, సానపట్టడం నేర్చుకోవడానికీ అయితే కొనొచ్చు. కొత్త చేతికి గ్రైండర్ మీద సగం ఉలి అరిగిపోవడం మామూలే, అది చవక ఉలి అయితే బాధ ఉండదు. కార్బన్ స్టీల్‌ని సానపట్టేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచండి. గిన్నెలకి మాత్రం వద్దు.

మెగాపిక్సెల్స్ ఎక్కువైతే ఫోటో బాగా వస్తుందా? రాదు కదా. ఇక్కడా అంతే. 8 ఉలులున్నాయని మోసపోకండి, నా సెట్‌లో నాలుగింటిని ఇప్పటిదాకా ముట్టుకోలేదు. రఫింగ్ గౌజ్, స్పిండిల్ గౌజ్, పార్టింగ్ టూల్, ఈ మూడూ అసలైన హెచ్‌ఎస్‌ఎస్‌లో విడిగా తీసుకోండి. మిగిలిన డబ్బు గ్రైండర్‌కీ, ఫేస్ షీల్డ్‌కీ పెట్టండి. పదును లేని ఖరీదైన ఉలి కన్నా పదునున్న చవక ఉలే నయం.

నా ఫైనల్ మాట: నేర్చుకోవడానికి ఓకే. కానీ షీల్డ్ లేకుండా లేత్ స్విచ్ వేయొద్దు.